దీపం ఒక్కటే చాలదు

కర్నూలు పెద్దాసుపత్రికి జిల్లా వాళ్లే కాదు, తుంగభద్ర అవతలి నుంచీ రోగులొస్తారు. 2006లో మొదలైన కడప రిమ్స్‌లోనూ రద్దీ తక్కువేం కాదు. డాక్టరుగారు రౌండ్లకొచ్చి వెళ్తారు. ఇరవై నాలుగ్గంటలూ వార్డును కనిపెట్టుకుని ఉండేది సిస్టరే.

బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకో నర్సు ఉండాలన్నది భారతీయ నర్సింగ్ మండలి లెక్క. అంటే 30 పడకలకు పదిమంది. వాళ్లను మూడు షిఫ్టులకు పంచితే అర్ధరాత్రి ఉండేదెందరు? కొత్తమ్మాయికి తోడుగా ఎవరిని వేయాలి? సెలైన్లు నిండుకోకముందే ఇండెంట్ ఎప్పుడు పెట్టాలి? ఇంజెక్షన్ చేయడం వచ్చినంత మాత్రాన ఇవన్నీ రావు. అదో చదువు.

రెండేళ్ల ఎమ్మెస్సీ నర్సింగ్‌లో ‘నర్సింగ్ మేనేజ్‌మెంట్’ ఒక సబ్జెక్టు. బీఎస్సీ నర్సింగ్‌లో 55 శాతం మార్కులు, ఏడాది అనుభవం ఉంటే చేరొచ్చు. జీఎన్ఎం వాళ్లయితే ముందు పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేయాలి. మన దేశంలో ఈ పీజీ 1959లోనే ఢిల్లీలో మొదలైంది.

చిక్కల్లా ఒకటే. పీజీ కాగానే చాలామంది పాఠాలు చెప్పడానికి కాలేజీలకు వెళ్లిపోతారు. నేర్చుకున్న నిర్వహణ వార్డు దాకా రాదు.

నైటింగేల్ అనగానే అందరికీ దీపమే గుర్తొస్తుంది. యుద్ధంలో సైనికుల మరణాలను లెక్కగట్టి, 1858లో బొమ్మలు గీసి మరీ పాలకులకు చూపించిందీ ఆవిడే. మన వార్డులకిప్పుడు ఆ లెక్క తెలిసిన సిస్టర్లు కావాలి.