గ్రాఫిక్స్ కార్డుల ధరలకు రెక్కలు: ఈసారి ఓపిక పడితే చాలదు

ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్, చెన్నైలోని రిచీ స్ట్రీట్, సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్... విడిభాగాలు కొని సొంతంగా కంప్యూటర్ కూర్చుకునేవారికి చిరపరిచితమైన మార్కెట్లివి. గేమింగ్‌కో, యానిమేషన్‌కో వాడే కంప్యూటర్ లెక్కలో సాధారణంగా అతిపెద్ద పద్దు గ్రాఫిక్స్ కార్డుదే. దాని ధర పెరిగితే ర్యామ్‌లోనో, స్టోరేజీలోనో కొంత తగ్గించుకుని సర్దుకోవడం పరిపాటి. ఇప్పుడు ఆ రెండింటి ధరలూ పెరగడంతో సర్దుబాటుకు దారి మూసుకుపోయింది.

2021లోనూ కార్డులకు కటకట ఏర్పడింది. కొవిడ్ కాలపు గిరాకీకి క్రిప్టో మైనింగ్ తోడైంది. 2022 సెప్టెంబరులో ఎథీరియం మైనింగ్ విధానానికి స్వస్తి పలకడంతో ఆ గిరాకీ కుప్పకూలింది. వేచి చూసినవారు లాభపడ్డారు.

నేటి కారణం వేరు. డీర్యామ్ తయారీలో అగ్రగాములైన శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ కంపెనీలు కృత్రిమ మేధ సర్వర్లకు కావలసిన హై బ్యాండ్‌విడ్త్ మెమరీకి పెద్దపీట వేస్తున్నాయి. గ్రాఫిక్స్ కార్డుల మెమరీ తయారయ్యేదీ ఆ కంపెనీల్లోనే. క్రూషియల్ పేరిట నడిపిన వినియోగదారుల వ్యాపారం నుంచి వైదొలగుతున్నట్లు మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది. 2025 జనవరితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో ఎన్విడియా ఆదాయం సుమారు 13,050 కోట్ల డాలర్లు. అందులో డేటా సెంటర్ల వాటా 11,520 కోట్ల డాలర్లు కాగా, గేమింగ్ వాటా 1,135 కోట్ల డాలర్లే. ఒకప్పుడు ఆ సంస్థను నిలబెట్టిన గేమర్ ఇప్పుడు వరుసలో వెనక్కి జరిగాడు.

భారతీయ కొనుగోలుదారుపై భారం మరింత ఎక్కువ. కార్డులు ప్రధానంగా దిగుమతులే. 2025 డిసెంబరులో డాలరుకు రూపాయి విలువ 90 దాటింది. 18 శాతం జీఎస్టీ ధరను బట్టే లెక్కిస్తారు కనుక, ధరతో పాటు పన్నూ పెరుగుతుంది.

కేంద్రం 2024 మార్చిలో దాదాపు రూ.10,372 కోట్లతో ఇండియా ఏఐ మిషన్‌ను ఆమోదించింది. అంకుర సంస్థలకు, పరిశోధకులకు రాయితీపై జీపీయూ సామర్థ్యాన్ని అందించడం అందులో భాగం. అది అవసరమే. అయితే ఇంట్లో బల్ల మీది కంప్యూటర్‌పై త్రీడీ యానిమేషన్ సాధన చేసే విద్యార్థికి కావలసింది అద్దె సర్వర్ కాదు, అందుబాటు ధరలో ఒక కార్డు. కొత్త మెమరీ కర్మాగారాలు ఉత్పత్తి దశకు చేరడానికి ఏళ్లు పడుతుంది. ఆ విద్యార్థి చదువు అంతకాలం ఆగదు.