కిటికీ రెక్కలు

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట ప్రాంతాలలో ఇటీవల లేస్తున్న ఇళ్ళను గమనిస్తే కిటికీకి చెక్క రెక్కలు కనుమరుగవుతున్నాయని తెలుస్తుంది. వాటి స్థానంలో పక్కకు జరిగే అద్దాలు వచ్చాయి. విదేశాలలో ఉన్న పిల్లలు పంపిన ఫొటో మేస్త్రీ చేతిలో పెట్టి, “ఇటువంటిదే పెట్టు బాబూ” అంటున్నారు. ఆ దేశంలో కిటికీ ఆ రూపంలో ఎందుకుందని అడిగేవారు మాత్రం అరుదు.

అమరకోశం కిటికీకి వాతాయనమనీ గవాక్షమనీ పేర్లు చెప్పింది. మొదటిది గాలి వచ్చే త్రోవ, రెండవది ఆవు కన్ను. ఆంగ్లేయుల ‘విండో’ కూడా ప్రాచీన నార్సు భాషలో ‘గాలి కన్ను’ అనే అర్థమున్న మాట నుండి పుట్టినదే. ఈ పేర్లలో గాలి ఉంది, కన్ను ఉంది. అద్దం ఎక్కడా లేదు!

అమెరికాలో ఎక్కువగా కనిపించేది, ఇంగ్లండు నుండి వెళ్ళిన, పైకీ కిందికీ జరిగే జంట పలకల కిటికీ. పై పలకను దించి, కింది పలకను ఎత్తితే వేడిగాలి పైనుండి పోయి చల్లగాలి కిందనుండి వస్తుంది. తెలివైన ఏర్పాటే. దోమతెరకూ అడ్డు రాదు. కాని ఎంత తెరిచినా సగమే తెరుచుకుంటుంది. జర్మనీ వైపు కిటికీ వేరు. పిడిని ఒక విధంగా తిప్పితే తలుపులా లోపలికి తెరుచుకుంటుంది, మరొక విధంగా తిప్పితే పైఅంచు మాత్రం లోపలికి వాలుతుంది. దాని బయట చుట్టుకునే తెర ఉంటుంది. ఫ్రాన్సులోనైతే చెక్క రెక్కలు. అంటే ఐరోపావాడు అద్దాన్ని నమ్మి ఊరుకోలేదు, దానికి కాపలా పెట్టాడు.

మన పాత వీధి ఇళ్ళకు ఇరుపక్కల గోడలూ ఉమ్మడివి. గాలి రావలసినది వీధి వైపు నుండీ పెరటి వైపు నుండీ మాత్రమే. అటువంటి ఇంటికి సగమే తెరుచుకునే కిటికీ పెట్టడం సముద్రాన్ని పెరట్లో ఉంచుకొని ఉక్కపోతతో బాధపడటమే. ఊచలూ, బయటికి పూర్తిగా తెరుచుకునే రెక్కలూ ఉన్న మన కిటికీ ఆ ఇంటికి తగినది.

అసలు మాట తుపాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 140-150 కిలోమీటర్లు. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఏమైపోయాయో మీకు చెప్పనవసరం లేదు. ఆ వేగానికి చదరపు మీటరుకు సుమారు 100 కిలోల బరువంత ఒత్తిడి పడుతుంది. నాలుగడుగుల చదరపు కిటికీ మీద అది సుమారు 150 కిలోలు. దానికి తోడు ఎగిరివచ్చే కొబ్బరిమట్టలు, రేకులు! అద్దం పగిలిందా, గాలి లోపల జొరబడి కప్పును పైకి తంతుంది. బయటి గాలి అదే కప్పును పైకి పీలుస్తుంది. పెంకుటిల్లయినా రేకుల ఇల్లయినా నిలిచేదెట్లా?

1992 ఆగస్టులో ఆండ్రూ తుపాను దక్షిణ ఫ్లోరిడాను ధ్వంసం చేశాక అమెరికావారికీ ఇది బోధపడింది. 1994 నుండి మయామీ ప్రాంతంలో కొత్త ఇంటి కిటికీకి పగిలినా ఊడిపోని పొరల అద్దమో, పరీక్షకు నిలిచిన రెక్కలో తప్పనిసరి చేశారు. ఆ పరీక్ష ఏమిటంటే, సుమారు 4 కిలోల దూలపు ముక్కను సెకనుకు 50 అడుగుల వేగంతో కిటికీ మీదికి విసరడం. మన పిల్లలు పంపే ఫొటోలో ఈ పరీక్ష కనిపించదు.

చెక్క వానకు ఉబ్బుతుంది, చెదలు పడుతుంది, ఖరీదు కూడా, ఒప్పుకుంటాను. ఉప్పుగాలికి ఇనుప బందులు రెండేళ్ళకే ఏడుస్తాయి. అందువల్ల అద్దాలు వద్దనడం లేదు. యూపీవీసీ చట్రం మన తీరంలో తుప్పు పట్టదు, పెట్టుకోండి. కాని బయట చెక్కవో లోహపువో రెక్కలు ఉండాలి. బందులు ఇత్తడివో తుప్పు పట్టని ఉక్కువో కావాలి. లోపలినుండి అడ్డంగా బిగించే గట్టి గడియ ఉండాలి. అద్దాన్ని గోడ బయటి అంచుకు తెచ్చి బిగించేస్తే ఆ రెక్కలకు చోటుండదు. గోడ కట్టేటప్పుడే చట్రాన్ని కాస్త లోపలికి జరపమని మేస్త్రీకి చెప్పండి. ప్లాస్టరింగు అయ్యాక చెబితే ఆయన వినడు.