పడవకు రెండు కాళ్ళు

ఇంగ్లండులో చిన్న తెరచాప పడవలున్న సంసారులు ఇద్దరు కలిస్తే చాలు, కీల్ మీద వాదన మొదలు. కీల్ అంటే తలుపు కీలు కాదండోయ్! పడవ అడుగున నీళ్ళలోకి దిగి, గాలికి అది పక్కకు జారకుండా ఆపే బరువైన రెక్క. లోతైన రెక్క ఒకటే ఉంటే పడవ ఎదురుగాలికి చక్కగా సాగుతుంది. కాని అక్కడి చిన్న రేవులు చాలావాటిలో పాటు వేళకు నీరు పోయి బురద తేలుతుంది. ఒంటికాలి పడవ ఒరిగి పడుకుంటుంది. రెండు పొట్టి రెక్కలున్నది నిటారుగా నిలబడుతుంది. 1969లో వచ్చిన వెస్టర్లీ సెంటార్ ఆ జాతిదే. పొడవు 26 అడుగులు, నీళ్ళలో మునిగేది 3 అడుగులు. రెండువేలకు పైగా తయారయ్యాయి.

నా ఓటు రెండు కాళ్ళకే. వేగం కోసం కాదు, కుళాయిల కోసం! పడవలో మరుగుదొడ్డికి నీరు రావడానికీ పోవడానికీ అడుగున కన్నాలుంటాయి, వాటికి కుళాయిలుంటాయి. మామూలు ఇత్తడివైతే ఉప్పునీరు అందులోని జింకును తినేస్తుంది. ఆకారం అలాగే ఉంటుంది, లోపల గుల్ల. గులాబిరంగు తేలిందంటే దాని పని అయిపోయినట్టే. ఏ రాత్రో అది విరిగిందా, సముద్రం ఇంట్లోకి వస్తుంది. అంచేత కంచువే వెయ్యాలి. పక్కనే మెత్తని కర్ర బిరడా ఒకటి తాడుతో కట్టి ఉంచాలి.

రెండు కాళ్ళ పడవైతే పాటు వేళ బూట్లు తొడుక్కుని బురదలోకి దిగి, ఆ కన్నాలు ఎలా ఉన్నాయో స్వయంగా చూసుకోవచ్చు. రెండోవారు గోడకు ఆనించుకోవాలి, లేదా క్రేనుకు డబ్బు కట్టాలి.