డ్రైవరుతో మాట్లాడుతున్నది ఎవరు?

ప్రభుత్వ రవాణా సంస్థల బస్సులలో డ్రైవరు సీటు దగ్గర "డ్రైవరుతో మాట్లాడరాదు" అన్న బోర్డును చూడని పాఠకుడు మనలో ఉండడు. ఆ రెండు మాటలలో ఒక సామాజిక సూత్రం ఇమిడి ఉన్నది. డ్రైవరు దృష్టి అతని సొంత వ్యవహారం కాదు. బస్సులోని యాభై మంది ప్రాణాలకు, రోడ్డు మీద నడిచే వారందరి ప్రాణాలకు అది రక్షణ కవచం. అందుచేత దానిని భంగపరచే హక్కు ప్రయాణికునికి లేదు, కండక్టరుకు లేదు, ఎంత పెద్ద అధికారికైనా లేదు. ఈ సూత్రాన్ని మన రవాణా కార్మికులు తరతరాలుగా గౌరవిస్తూ వచ్చారు.

నేడు హైదరాబాదు, బెంగుళూరు, చెన్నై, ముంబయి, ఢిల్లీ నగరాలలో యాప్ కంపెనీల కింద నడుస్తున్న ట్యాక్సీలోకి ఒకసారి తొంగి చూడండి. స్టీరింగు పక్కన, డ్యాష్‌బోర్డు మీద బిగించిన స్టాండులో ఒక స్మార్ట్‌ఫోను ఉంటుంది. కొందరి బండ్లలో రెండు ఉంటాయి. ఒక కంపెనీ బుకింగులతో కుటుంబం గడవదు గనుక రెండు కంపెనీలకు పనిచేయవలసి వస్తున్నది. ఆ ఫోను ఊరకే ఉండదు. దారి చూపుతుంది. ఉన్న ట్రిప్పు ముగియకముందే తరువాతి బుకింగును తెర మీదికి తెచ్చి మోగుతుంది. కొద్ది సెకండ్లలో వేలు పెట్టి ఒప్పుకోకపోతే ఆ బుకింగు మరొకరికి పోతుంది. ఎదురుచూసే ప్రయాణికుడు "ఎక్కడున్నారు, ఇంకెంతసేపు?" అని ఫోను చేస్తాడు, తీయకపోతే రేటింగు తగ్గిస్తాడు. ఎన్ని బుకింగులు ఒప్పుకున్నాడు, ఎన్ని వదిలాడు అన్న లెక్క కంపెనీ యంత్రంలో నమోదవుతూ ఉంటుంది. ప్రోత్సాహక బోనసు ఆ లెక్క మీద ఆధారపడి ఉంటుంది.

అంటే డ్రైవరుతో రోజంతా మాట్లాడుతున్నది యాజమాన్యమే. బోర్డు రాయించిన కాలం పోయి, మాట్లాడకపోతే కూలి కోసే కాలం వచ్చింది.

ఈ ఫోనును డ్రైవరు విలాస వస్తువుగా చూడటం పత్రికలకు, అధికారులకు అలవాటైంది. ఇది పొరపాటు. ఫ్యాక్టరీలో కార్మికునికి యంత్రం ఎటువంటిదో యాప్ డ్రైవరుకు ఫోను అటువంటిది. అదే హాజరు పట్టీ, అదే మేస్త్రీ, అదే మీటరు, అదే కూలి చీటీ. తేడా ఒక్కటే. ఫ్యాక్టరీ యంత్రాన్ని యజమాని కొంటాడు; ఈ యంత్రాన్ని, దాని డేటా ఖర్చును, స్టాండును, ఛార్జింగు తీగను కార్మికుడే కొనుక్కుంటున్నాడు. ఎండాకాలం మధ్యాహ్నం అద్దం వెనుక కాగి ఫోను ఆగిపోతే ఆ పూట సంపాదన కూడా ఆగిపోతుంది. బండి కిస్తీ మాత్రం ఆగదు.

దృష్టి మళ్ళటం ఎంత ప్రమాదకరమో లెక్క వేసి చూద్దాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకండుకు 16 మీటర్లకు పైగా సాగుతుంది. తెర వంక రెండు సెకండ్లు చూస్తే 33 మీటర్ల రోడ్డును చూడకుండా దాటినట్లే. అమెరికాలోని వర్జీనియా టెక్ రవాణా పరిశోధనా సంస్థ 2009లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం, నడుపుతూ ఫోనులో సందేశం టైపు చేసే భారీ వాహన డ్రైవరుకు ప్రమాదపు అంచుకు చేరే అవకాశం 23 రెట్లు పెరుగుతున్నది. ప్రతి ఆరు సెకండ్లలో నాలుగున్నర సెకండ్లకు పైగా అతని కళ్ళు రోడ్డు మీద ఉండటం లేదు. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారని కేంద్ర రవాణా శాఖ ప్రకటించింది. అందులో దాదాపు రెండు శాతం మరణాలను ఫోను వాడకం కింద చూపారు. ప్రమాదం జరిగిన తరువాత ఆ క్షణాన తెర మీద ఏమున్నదో విచారించే ఏర్పాటు లేనంత కాలం ఈ లెక్క అసలు నిజం కంటే తక్కువే అయి ఉంటుందని మా అభిప్రాయం.

ఇక చట్టం ఏమంటున్నది? 1988 మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో, నడుపుతూ చేతి ఫోను వాడటం 184వ సెక్షను కింద ప్రమాదకర డ్రైవింగులో చేరింది. మొదటి నేరానికి ఆరు నెలల నుండి ఏడాది వరకు జైలు గాని, 1,000 నుండి 5,000 రూపాయల వరకు జరిమానా గాని, లేదా రెండూ గాని విధించవచ్చును. 2020 అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చిన నిబంధన ఒక మినహాయింపు ఇచ్చింది. డ్రైవరు ఏకాగ్రతకు భంగం కలగని రీతిలో, కేవలం దారి తెలుసుకోవటానికి మాత్రమే ఫోను వాడవచ్చును.

"కేవలం దారి తెలుసుకోవటానికి" అన్న మాటలను పాఠకులు గమనించ ప్రార్థన. దారి చూడటం అనుమతించిన పని. నడుస్తున్న బండిలో బుకింగుకు వేలు నొక్కటం, ప్రయాణికునికి సందేశం పంపటం, ఫోను ఎత్తటం ఆ అనుమతిలో లేవు. కాని యాప్ కంపెనీ డ్రైవరు నుండి కోరుతున్నవి ఇవే! చట్టం వద్దన్నదాన్ని చేయకపోతే బుకింగు పోతుంది. చేస్తే చలానా వస్తుంది. తొందరలో నొక్కి, తరువాత అది తనకు కుదరని దూరమని గ్రహించి రద్దు చేసుకుంటే మరొక దండన సిద్ధంగా ఉన్నది. తగిన కారణం లేని రద్దుకు కిరాయిలో పది శాతం, వంద రూపాయలకు మించకుండా, డ్రైవరు నుండి వసూలు చేయవచ్చునని కేంద్రం 2025 జులైలో ఇచ్చిన మార్గదర్శకాలు చెపుతున్నాయి. ఇన్ని దండనలలో ఒక్కటి కూడా ఆ సమయంలో ఆ బుకింగు పంపినవారిని తాకదు.

దీనికి విరుగుడు ఆధునిక కార్లలోనే ఉన్నదని కొందరు మేధావులు వాదిస్తున్నారు. కారు డ్యాష్‌బోర్డులోనే పెద్ద తెర అమర్చి, ఫోనును దానికి జోడించే పద్ధతిని వారు ఉదాహరిస్తున్నారు. ఈ వాదాన్ని మేము తేలికగా తోసివేయము. 2014లో ప్రకటితమైన ఆపిల్ కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటో ఏర్పాట్లలో పని చేసేది ఫోనే, కనిపించేది కారు తెర మీద. అక్షరాలు పెద్దవి, తెర చూపుకు దగ్గరగా ఉంటుంది, వచ్చిన సందేశాన్ని యంత్రమే చదివి వినిపిస్తుంది, నోటితో జవాబు చెప్పవచ్చును. చేతిలోని ఫోను కంటే ఇది మేలే.

అయితే రెండు విషయాలు మరువరాదు. మొదటిది: కిస్తీల మీద కొన్న చవక రకం ట్యాక్సీలలో ఎక్కువ వాటికి ఇటువంటి తెర ఉండదు, తరువాత అమర్చుకోవాలంటే వేలు ఖర్చు. రెండవది: తెర పెద్దదైనంత మాత్రాన మనిషి మెదడు రెండుగా చీలదు. అమెరికా ఆటోమొబైల్ సంఘపు పరిశోధనా విభాగం 2017లో ముప్పై కొత్త కార్లలోని ఇన్ఫోటైన్‌మెంట్ తెరలను పరీక్షించగా, గమ్యస్థానం నమోదు చేయటానికే డ్రైవరుకు సగటున 40 సెకండ్లు పట్టింది. యూరపులో కార్ల భద్రతకు నక్షత్రాలు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ సంస్థ సైతం దారి మార్చుకున్నది. 2026 నుండి ఇండికేటరు, హారను, వైపరు వంటి ముఖ్యమైన పనులకు చేతికి తగిలే మీటలు లేని కారుకు అయిదు నక్షత్రాలు దక్కటం కష్టమని ప్రకటించింది. తెర మీద తెర పెంచుకుంటూ పోవటం భద్రత కాదని తయారీదారులకే పాఠం చెప్పవలసి వచ్చిందన్నమాట.

కనుక ఏ తెర అన్నది రెండవ ప్రశ్న. ఆ తెర గుండా ఎవరు, ఎప్పుడు, ఏమి అడుగుతున్నారన్నది మొదటి ప్రశ్న.

ఇక్కడ మన సొంత తప్పును కూడా ఒప్పుకోవాలి. బండి నడుపుతూ వీడియోలు చూసే డ్రైవర్లు ఉన్నారు. ఇంటి సంగతులు గంటల తరబడి మాట్లాడేవారు ఉన్నారు. దీనిని సంఘం వెనకేసుకు రాదు, రాకూడదు. వెనుక సీటులో కూర్చున్నది మరొక కార్మికుడో, ఆసుపత్రికి పోయే గర్భిణియో కావచ్చును. కాని ఆ డ్రైవరు పన్నెండు, పద్నాలుగు గంటలు స్టీరింగు ముందు కూర్చుంటున్నాడని, నిద్ర ఆపుకోవటానికి ఆ మాటలను ఆశ్రయిస్తున్నాడని కూడా చెప్పటం మన బాధ్యత. 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటల పనిని, అయిదు గంటలకు ఒకసారి కనీసం అరగంట విశ్రాంతిని నిర్దేశించింది. ఆ చట్టం 2025 నవంబరులో అమలులోకి వచ్చిన లేబరు కోడ్‌లలో కలిసిపోయింది. 2020 నాటి కేంద్ర మార్గదర్శకాలు యాప్ డ్రైవరుకు పెట్టిన హద్దు రోజుకు పన్నెండు గంటలు! ఎనిమిది నుండి పన్నెండుకు జారిన ఈ నాలుగు గంటలలోనే ఎన్ని కళ్ళు మూతలు పడుతున్నాయో ఆలోచించండి.

ఇదంతా ఎలా చెల్లుబాటు అవుతున్నది? డ్రైవరును "భాగస్వామి" అని పిలవటం ద్వారా. భాగస్వామి అన్నప్పుడు పని గంటలు లేవు, పనిముట్ల ఖర్చు లేదు, ప్రమాదానికి బాధ్యత లేదు. 2021 ఫిబ్రవరిలో బ్రిటన్ సుప్రీంకోర్టు ఉబర్ డ్రైవర్లు కార్మికులేనని, యాప్ తెరిచి తమ ప్రాంతంలో పనికి సిద్ధంగా ఉన్న సమయమంతా పనిగంటలేనని తీర్పు చెప్పింది. మన దేశంలో 2020-21 నాటికే ఇటువంటి పనులలో 77 లక్షల మంది ఉన్నారని నీతి ఆయోగ్ అంచనా. రాజస్థాన్ 2023లో, కర్ణాటక 2025లో వీరి సంక్షేమానికి చట్టాలు చేశాయి. వాటిని మేము ఆహ్వానించాము. సంక్షేమ నిధి ప్రమాదం జరిగిన తరువాత కుటుంబాన్ని ఆదుకుంటుంది. ప్రమాదం జరగకుండా చూడవలసింది డ్యాష్‌బోర్డు దగ్గరే.

అమెరికాలో 2012 జనవరి నుండి అంతర్రాష్ట్ర లారీ, బస్సు డ్రైవర్లకు చేతి ఫోను నిషేధించారు. ఆ నిబంధన ప్రకటించినప్పుడు డ్రైవరుకు పెట్టిన గరిష్ఠ జరిమానా 2,750 డాలర్లు. అటువంటి వాడకాన్ని అనుమతించిన లేదా కోరిన కంపెనీకి 11,000 డాలర్లు. పెట్టుబడిదారీ దేశమే నాలుగింతల భారం యజమాని నెత్తిన పెట్టగలిగినప్పుడు మన ప్రభుత్వాలకు ఉన్న అడ్డంకి ఏమిటి? కొత్త చట్టం కోసం ఎదురు చూడనవసరం కూడా లేదు. 184వ సెక్షను నేరానికి ప్రేరేపించినవారికి సైతం అదే శిక్ష అని మోటారు వాహనాల చట్టం 188వ సెక్షనులోనే ఉన్నది. యాప్ కంపెనీలకు లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వాలు. లైసెన్సు షరతులలో ఏమి రాయాలో నిర్ణయించే అధికారం వాటి చేతిలోనే ఉన్నది.

కాబట్టి రవాణా రంగంలోని మన సంఘాలు ఈ కింది కోర్కెలను ప్రతి రాష్ట్రంలో రవాణా కమిషనరు ముందు, లేబరు కమిషనరు ముందు ఉంచాలని కోరుతున్నాము:

ఒకటి, బండి కదులుతున్నంత సేపు కొత్త బుకింగు తెర మీదికి రాకూడదు. బండి ఆగిన తరువాతనే రావాలి. కదలికను కనిపెట్టటం ఆ యంత్రానికి కష్టం కాదు. కిలోమీటర్లు లెక్కించి కిరాయి వసూలు చేస్తున్నది అదే గదా.

రెండు, నడుపుతున్న సమయంలో జవాబివ్వని బుకింగును, ఎత్తని ఫోనును డ్రైవరు లెక్కలో తప్పుగా రాయరాదు; బోనసు కోయరాదు.

మూడు, ప్రయాణికుని ఫోనుకు "డ్రైవరు బండి నడుపుతున్నారు" అని యంత్రమే జవాబు చెప్పాలి. డ్రైవరుకు చెప్పవలసినది ఏదైనా అతని మాతృభాషలో చదివి వినిపించాలి.

నాలుగు, ఫోను, స్టాండు, డేటా, కారు తెర ఖర్చు పనిముట్ల ఖర్చుగా గుర్తించి కంపెనీ భరించాలి.

అయిదు, ప్రమాదం జరిగిన ప్రతి సందర్భంలో ఆ నిమిషాన కంపెనీ యంత్రం డ్రైవరుకు ఏమేమి పంపిందో ఆ వివరాలను పోలీసు విచారణకు అప్పగించాలి. డ్రైవరు తప్పు ఉంటే తేలుతుంది. కంపెనీ తప్పు ఉంటే అదీ తేలుతుంది.

విమానాశ్రయాల పార్కింగులలో, రైల్వే స్టేషన్ల ముందు రాత్రులు గడిపే ఈ డ్రైవర్లలో చాలామంది పల్లెల నుండి వచ్చిన యువకులు. సంఘం అంటే వారికి ఇంకా కొత్త. జెండా పట్టుకుని వెళ్ళి ఉపన్యాసం ఇస్తే వారు వినకపోవచ్చును. బుకింగు మోగితే లేచి పోతారు కూడా. వారి పక్క సీటులో కూర్చుని, ఒక రోజు ఆ ఫోను ఎన్నిసార్లు మోగిందో వారితో కలిసి లెక్క రాయండి. ఆ లెక్కే మన వినతిపత్రానికి మొదటి పేజీ అవుతుంది.

డ్రైవరుతో మాట్లాడరాదు. ఆ బోర్డును ఇక కంపెనీ కార్యాలయం గోడ మీద తగిలించవలసిన సమయం వచ్చింది.