గృహ బలిపీఠము: ఏ పూటకాపూట మన్నా



మన ఇండ్లలో ఉదయమో సాయంకాలమో కుటుంబ ప్రార్థన జరుగుచునే యున్నది. చాప పరతుము, వేదగ్రంథము తెరతుము, ఒక కీర్తన పాడుదుము, మోకరించి లేతుము. అయినను చాలమంది మనస్సులో ఒక ప్రశ్న మెదలుచుండును. సంఘములో అడుగుటకు మొగమాటపడి లోలోపలనే దాచుకొందురు. “ఇన్నేండ్లుగా ప్రార్థించుచున్నాము గదా, దేవునియందు సంతోషించుడని గ్రంథము చెప్పు ఆ సంతోషము మా ఇంటికి ఏల రాలేదు?” అనునదే ఆ ప్రశ్న. ఇది అవిశ్వాసుల ప్రశ్న కాదు. ప్రార్థనను విడువనివారే దీనిని అడుగుదురు. కావున ఈ నెల దానినే ఆలోచింతము.

మొదట నిర్గమకాండము పదునారవ అధ్యాయము చూడుడి. ఇశ్రాయేలీయులు అరణ్యములో ఆకలిగొని సణిగినప్పుడు దేవుడు వారికి మన్నా కురిపించెను. ఆ ఏర్పాటులో ఒక నియమమున్నది. ప్రతివాడును ఉదయముననే లేచి, తలకొక ఓమెరు చొప్పున ఏరుకొనవలెను. ఎండ ముదిరినయెడల అది కరగిపోవును. రేపటికని దాచినయెడల పురుగుపట్టి కంపుకొట్టును. ఆరవ దినమున మాత్రము విశ్రాంతి దినము కొరకు రెండంతలు ఏరుకొనవచ్చును, అది చెడిపోదు. నలువది సంవత్సరములు వారట్లే బ్రదికిరి.

దేవునికి ఒక్కసారే గాదెలు నింపి యిచ్చుటకు శక్తి లేకనా? కాదు. గాదె నిండినవాడు గాదెను నమ్మును. ఉదయముననే గంప పట్టుకొని గుడారము వెలుపలికి వచ్చినవాడు ఇచ్చువానిని నమ్మును. మన ప్రభువు శిష్యులకు నేర్పిన ప్రార్థనలోను ఆహారమును అడుగుటకు ఒక్క దినపు కొలతయే గదా ఉన్నది. మన పెద్దలు “ఏ పూటకాపూట” అనుచుండిరి. పేదరికమును గూర్చి చెప్పిన ఆ మాటయే విశ్వాసమునకును సరిగా సరిపోవును.

సంతోషము కూడ మన్నావంటిదే. పోయిన సంవత్సరము ఉజ్జీవ కూటములలో పొందిన ఆనందమును ఈ సంవత్సరము వరకు దాచుకొనవలెనని చూతుము. అది నిలువలేదని దుఃఖింతుము. నిలువకపోవుట దోషము కాదు, దాని స్వభావమే అంత. నిన్నటి అన్నము నేటి ఆకలిని తీర్చదు. అనుదిన ప్రార్థన అనగా సంతోషమును నిలువచేయు గాదె కాదు, ప్రతి ఉదయము గంప పట్టుకొని వెలుపలికి వచ్చుట మాత్రమే. కొన్ని ఉదయములలో గంప తేలికగానే యుండును. అయినను తలకొక ఓమెరు తక్కువ కాలేదని ఆ అధ్యాయమే చెప్పుచున్నది.

ఇక రెండవ సంగతి. సంతోషమనగా కన్నీరు లేకుండుట అని కొందరు తలంతురు. అందుచేత ప్రార్థనలో మంచి మాటలే పలుకవలెనని, ఇంటిలోని అసలు బాధను దేవుని యెదుట దాచిపెట్టి, అలవాటైన వాక్యములనే వల్లింతురు. వేదగ్రంథము అట్లు చేయలేదు. పదమూడవ కీర్తన ఆరే వచనములు గలది. అందులో దావీదు దేవుని “ఎంతకాలము” అని నాలుగు మారులు నిలదీసి అడుగును. అడిగిన తరువాతనే ముగింపులో పాట వచ్చును. ఎనుబది యెనిమిదవ కీర్తనకు ఆ పాటయు లేదు. అది చీకటితోనే ముగియును. అయినను దానిని కీర్తనల గ్రంథములోనుండి ఎవరును తీసివేయలేదు. పాట రాని దినమున కూడ మొర దేవుని యొద్దకే పోయినది గనుక అదియు ప్రార్థనయే.

హబక్కూకు ప్రవక్త గ్రంథమును మూడవ అధ్యాయము చివరనుండి మాత్రమే మనము చదువుదుము. అంజూరపు చెట్టు, ద్రాక్ష, ఒలీవ, చేను, మంద, పశువులసాల — ఆరు నష్టములను లెక్కపెట్టి, అయినను దేవునియందు ఆనందింతునని ఆయన పలుకును. కాని అదే గ్రంథము ప్రారంభములో ఆయన చేసినది ఫిర్యాదు. ఎంత మొరపెట్టినను వినవేల అని అడిగిన నోటనుండియే ఆ ఆనందము పుట్టినది. మొదటి అధ్యాయము దాటకుండ మూడవ అధ్యాయమునకు పోవలెనన్నచో దారి లేదు.

ఈ సంగతి మనవంటివారికి ఎంత దగ్గరిదో చూడుడి. కోలారు బంగారు గనులు నూరేండ్లకు పైగా నడచి, 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. తాతల నాట చిత్తూరు ప్రాంతమునుండియు తమిళ నాటినుండియు వచ్చి భూమి లోపల పనిచేసిన కుటుంబములకు ఒక్క దినముతో జీవనాధారము పోయెను. నేటికిని అక్కడివారు అనేకులు మారికుప్పములో తెల్లవారకముందే బండి యెక్కి బెంగుళూరులో పనిచేసి రాత్రికి ఇల్లు చేరుచున్నారు. బొంబాయిలో 1982లో మొదలైన మిల్లు సమ్మె తరువాత మిల్లులలోని తెలుగు కార్మికుల ఇండ్లు చూచినదియు ఇట్టి కష్టమే. పని పోయిన తండ్రి ఆ సాయంకాలము ప్రార్థన చాపమీద కూర్చుండి నోరు తెరవలేకపోవును. పిల్లలు ఆయన ముఖము చూచుచుందురు. ఆ దినమున ఆ ఇంట ఏమి చేయవలెను?

అట్టి దినమున ఆయనను సంతోషించుమని బలవంతపెట్టరాదు. “విశ్వాసము చాలదు” అని నిందింపరాదు. యోబు స్నేహితులు చేసిన పని అదియే, దేవుడు దానిని మెచ్చుకొనలేదు. తల్లియో పెద్దకుమార్తెయో పదమూడవ కీర్తన చదువవలెను. పని పోయినదని, బియ్యము ఎన్ని దినములకు వచ్చునో తెలియదని, ఉన్నది ఉన్నట్లుగా దేవునికి చెప్పవలెను. చెప్పిన తరువాత ఆ దినము దొరికిన ఒక్క మేలు ఏదైన నుండిన దానికి స్తోత్రము చేయవలెను. అంతే చాలును. నమ్మకము ముందు వచ్చును, సంతోషము దాని వెంట వచ్చును. రెండును ఒకే బండిలో రావలెనని పట్టుపట్టినయెడల రెండును రావు.

ఇది ఉత్తమాట కాదని చరిత్ర సాక్ష్యమిచ్చుచున్నది. జర్మనీ దేశములో 1618 మొదలు 1648 వరకు ముప్పది యేండ్ల యుద్ధము జరిగెను. ఐలెన్‌బుర్గ్ అను పట్టణములో మార్టిన్ రింకార్ట్ అను పాదిరిగారుండిరి. 1637లో అక్కడ తెగులు వ్యాపించి వేలమంది చనిపోయిరి. ఆయన ఒక్కరే నాలుగువేలకు పైగా శవములకు సమాధి కార్యము జరిపిరని చెప్పుదురు. ఆ సంవత్సరమే ఆయన భార్యయు మరణించెను. లోకమంతట నేటికిని పాడబడు ఒక కృతజ్ఞతా కీర్తనను ఆయన ఆ యుద్ధకాలముననే వ్రాసిరి. అది మొదట గుడిలో పాడుటకు వ్రాసినది కాదు, తన ఇంటివారు భోజనపు బల్లయొద్ద చెప్పుకొనుటకు వ్రాసినది. రొట్టె కరువైన బల్లమీదనే ఆ స్తోత్రము పుట్టినది.

ఆ దేశములోనే హెర్న్‌హుట్ అను చిన్న గ్రామములో, మతము కొరకు హింసింపబడి పారిపోయి వచ్చిన మొరేవియా విశ్వాసులు జింజెండార్ఫ్ ప్రభువు ఆశ్రయమున నివసించుచుండిరి. 1728 మే 3వ తేదీన ఆయన మరునాటికని ఒక వేదవాక్యమును వారికి ఇచ్చిరి. అది మొదలు ప్రతి ఉదయము ఒక సహోదరుడు ఆ దినపు వాక్యమును తీసికొని ఇల్లిల్లు తిరిగెడివాడు. అప్పటికి ఆ ఊర 32 ఇండ్లు. 1731 మొదలు ఆ వాక్యములు పుస్తకముగా అచ్చగుచున్నవి. నేడు ఏబదికి పైగా భాషలలో వెలువడుచున్నవి. ఆ సహోదరుడు వాక్యమును అప్పగించి వెళ్లిపోలేదు. లోపలివారెట్లున్నారో, ఎవరికేమి అక్కరయో విచారించి వచ్చెడివాడు. ఈ దినములలో మన చేతి ఫోనులకు ప్రతి ఉదయము పది వాక్యములు వచ్చుచున్నవి, మనమును పదిమందికి పంపుచున్నాము. వాక్యముతోపాటు “అక్కా, నిన్న డాక్టరు ఏమనిరి?” అను ఒక్క మాట పంపితిమా? అప్పుడు అది హెర్న్‌హుట్ సహోదరుని అడుగుజాడ యగును.

మన తెలుగు నేలమీదకు వత్తము. 1853లో అమెరికా బాప్టిస్టుల తెలుగు మిషనును మూసివేయుదుమా అని ఆ దేశములో చర్చ జరిగెను. ఏండ్లు గడచినను ఫలము స్వల్పముగా నుండెను. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున లైమన్ జూయెట్ గారును, ఆయన భార్యయు, మువ్వురు తెలుగు విశ్వాసులును — ఒక పురుషుడు, ఇద్దరు స్త్రీలు — ఒంగోలు ప్రక్కనున్న కొండ యెక్కి ప్రార్థించిరి. ఆ ఊరికి ఒక సేవకుని పంపుమనియే వారి మొర. జాన్ క్లౌ దొర ఒంగోలులో కాపురముండుటకు 1866లో వచ్చిరి. అనగా పండ్రెండేండ్లు. 1876 మొదలు 1878 వరకు గొప్ప కరువు వచ్చెను. క్లౌ దొర బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో ఒక భాగమును గుత్తకు తీసికొని కరువు జనులకు కూలి కల్పించిరి. అన్నము కొరకు ఎవరును మతములో చేరరాదని ఆ కాలమున బాప్తిస్మములను ఆపివేసిరి. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదియొద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఈ కథను చెప్పునప్పుడు మనము ఆ చివరి సంఖ్య యొద్దకు పరుగెత్తుదుము. నేను మీ దృష్టిని ఆ పండ్రెండేండ్ల మీదకు త్రిప్పుచున్నాను. కొండ దిగిన మరునాడు ఒంగోలులో ఏమియు మారలేదు. ఆ అయిదుగురు దిగివచ్చి తమ తమ పనులు చూచుకొని మరల ప్రార్థించిరి. ఫలము చూచి నమ్ముట సులభము. గింజ నాటిన మరునాడు నీళ్లు పోయుటయే భక్తి.

ఇప్పుడు మన ఇండ్లలో ఎట్లు చేయవచ్చునో చెప్పుదును.

సమయము తక్కువగా నుండనిండు. పదునైదు నిమిషములు చాలును. గంటసేపు చేసి నెలకు విడుచుటకంటె కొద్దిసేపు చేసి నిలుపుకొనుట మేలు. తెల్లవారకముందే బండికి పోవలసినవారు ఇంటివారితో కూర్చుండలేరు. వారు బండిలో చదువు వచనమునే ఇంటివారును ఆ ఉదయము చదువవలెను; అప్పుడు చాప రెండు చోట్ల పరచినను ప్రార్థన ఒక్కటే.

భాషను గూర్చి భయపడకుడి. మన పిల్లలు కన్నడమో, అరవమో, ఒడియయో, మరాఠీయో చదువుకొనుచున్నారు. తెలుగు మాటలాడుదురు గాని అక్షరములు కూడబలుకలేరు. అట్టివానిని తెలుగు గ్రంథమిచ్చి తడబడనిచ్చి నవ్వినయెడల వాడు ప్రార్థనకే దూరమగును. వాడు తన బడి భాషలో చదువనిండు, అదే వచనమును అమ్మమ్మ తెలుగులో చదువనిండు. పాట మాత్రము తెలుగులోనే యుండుట మంచిది. గంజాము ప్రాంతమున సేవచేసిన పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) రచించిన కీర్తనలను అక్షరము రాని ముసలమ్మలు సయితము కంఠస్థముగా పాడుదురు. చెవిలో పడిన పాట అక్షరముకంటె ముందు హృదయమునకు చేరును. తరువాత అక్షరములను కూడ అదే నేర్పును.

ప్రార్థనను పిల్లలను మందలించు సమయముగా చేయకుడి. “ప్రభువా, అబద్ధములాడు మా చిన్నవానిని మార్చుము” అని వాని యెదుటనే పెద్ద గొంతుతో ప్రార్థించుట దేవునితో మాటలాడుట కాదు, వానితో మాటలాడుట. ఆలుమగల మధ్య కోపమున్నయెడల మొదట దానిని తీర్చుకొనుడి. సమాధానపడి వచ్చి అర్పణము నర్పింపుమని ప్రభువే కొండమీది ప్రసంగములో చెప్పెను. రోగమున్నయెడల ప్రార్థించి వైద్యుని యొద్దకు పొండు. మందు మింగుట విశ్వాసమునకు విరుద్ధము కాదు.

ప్రతి రాత్రి ఇంటిలో ఒక్కొక్కరు ఆ దినపు మేలు ఒకటి చెప్పవలెను. చిన్నదైనను సరే: నీళ్లు సమయమునకు వచ్చినవనియు, పరీక్షలో ప్రశ్న తెలిసినదనియు, బండిలో చోటు దొరికినదనియు. నెల దినములు చేసి చూడుడి. సంతోషము మీ ఇంటికి రాలేదని తలంచితిరి. అది ప్రతిదినము గడప దాటి వచ్చి, ఎవరును పలుకరింపక వెనుకకు పోవుచుండెనేమో మీకే తెలియును.

పౌలు ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక నిండ సంతోషమే. అది చెరలోనుండి వ్రాయబడినది. ఆయన సంకెళ్లు ఊడిపోయినందున సంతోషింపలేదు. సంకెళ్ల నడుమను తనతో నున్నవాని నెరిగి సంతోషించెను.

ఈ నెల నాలుగు వారములకు నాలుగు పాఠములు: మొదటి వారము నిర్గమకాండము 16, రెండవ వారము కీర్తన 13, మూడవ వారము హబక్కూకు 3, నాలుగవ వారము ఫిలిప్పీయులకు 4. ఒక్కొక్క దానిని వారమంతయు కొంచెము కొంచెముగా చదువుడి.

ప్రార్థన: తండ్రీ, రేపటి గాదెను అడుగము, నేటి గంపను నింపుము. పాట వచ్చు దినమున మా పాటను, రాని దినమున మా మొరను అంగీకరింపుము. మా ఇండ్లలో పని లేనివారిని, తెల్లవారకముందే పనికి పోవువారిని, ఒంటరిగా ప్రార్థించువారిని జ్ఞాపకము చేసికొనుము. నీయందలి నమ్మకమును ఈ దినమునకు సరిపడునంత మాకు దయచేయుము. ఆమేన్.