కుంచె పట్టే చేతికి లెక్క కూడా రావాలి

ప్లేస్‌మెంట్ల సీజన్‌లో వాటర్ కలర్ గురించి చదవమంటే కొందరికి విసుగు రావచ్చు. అయినా ఓ అయిదు నిమిషాలు ఇవ్వండి. ప్రతి బ్రాంచిలోనూ బొమ్మలు బాగా వేసేవాళ్లు ఒకరుంటారు. ఫెస్ట్ పోస్టర్లు, ఫేర్‌వెల్ బ్యానర్లు అన్నీ వాళ్ల నెత్తినే పడతాయి. ఆ ఒక్కరూ మీరే అయితే ఇంట్లో ఒక మాట, ఫోన్‌లో ఒక మాట వినే ఉంటారు. ‘బొమ్మలు కూడు పెడతాయా?’ అన్నది ఇంట్లో మాట. ‘ఉద్యోగం వదిలెయ్, నచ్చింది చెయ్’ అన్నది రీల్స్ చెప్పే మాట. రెండూ లెక్క వెయ్యకుండా అనేవే.

సొంత ఊళ్లో ఉంటూ నీటిరంగులు వెయ్యడం, నేర్పడం ఒక వృత్తిగా నిలబడుతుందనే నా అభిప్రాయం. కాకపోతే రెండూ కలిసి నడవాలి. నేర్పకుండా బొమ్మల అమ్మకం మీదే ఆధారపడితే ఇల్లు గడవడం కష్టం. వెయ్యడం మానేసి నేర్పడం మొదలుపెడితే పాఠంలో పస పోతుంది.

యూట్యూబ్ ఉండగా మాస్టారెందుకు?

ఈ ప్రశ్నకు జవాబు ఆ రంగుల స్వభావంలోనే ఉంది. నీటిరంగంటే రంగు పొడి, దాన్ని పట్టి ఉంచే తుమ్మజిగురు, పైన మనం కలిపే నీళ్లు. ఆయిల్, అక్రిలిక్‌లలో తప్పు జరిగితే ఇంకో పూత వేసి కప్పెయ్యొచ్చు. ఇక్కడ రంగు పారదర్శకం, కింద ఉన్నది కనిపిస్తుంది. తెలుపు కావాల్సిన చోట కాగితాన్నే వదిలెయ్యాలి. లేత రంగులతో మొదలుపెట్టి ముదురు రంగులకు వెళ్లాలి. అన్నిటికన్నా ముఖ్యం, కాగితం మీద తడి ఎంతుందో కనిపెట్టడం. నిగనిగ మెరుస్తున్నప్పుడు రంగు తాకిస్తే మబ్బులా పాకుతుంది. సగం ఆరాక నీళ్ల బ్రష్ తగిలిందా, కాలీఫ్లవర్ లాంటి మరక తేలుతుంది.

ఆ తడి ఎంతసేపుంటుందనేది మీ ఊరి గాలి మీద ఆధారపడుతుంది. విశాఖలో ఉక్కగా ఉన్న రోజు ఆకాశానికి వేసిన పూత ఎంతకీ ఆరదు. మే నెలలో అనంతపురంలో అదే పూత చూస్తుండగానే ఆరిపోతుంది. లండన్‌లో వీడియో తీసినాయన ‘అయిదు నిమిషాలు ఆగండి’ అంటే ఆ లెక్క మనకు పనికిరాదు. పక్కన నిలబడి, కాగితాన్ని కాస్త వంచి, మెరుపు చూపించి ‘ఇప్పుడు వెయ్యి’ అనే మనిషి కావాలి. లోకల్ ఆర్టిస్టు ఫీజు తీసుకునేది ఆ ‘ఇప్పుడు’ చెప్పినందుకే.

మరి ఏఐ సంగతి? టెక్నాలజీ గురించి రాసేవాణ్ని కాబట్టి దాచకుండా చెబుతా. వాటర్ కలర్‌లా కనిపించే బొమ్మను అది సెకన్లలో ఇస్తుంది. పోస్టర్లు, కార్డుల లాంటి చిన్న చిన్న ఆర్డర్లకు దాని దెబ్బ తగులుతుంది. కానీ ఎనిమిదేళ్ల పిల్ల చేతికి బ్రష్ పట్టడం నేర్పే పని దాని వల్ల కాదు. తన ఇంటి ముందున్న వేపచెట్టును తనే వేసుకోవాలని అరవై ఏళ్లకు సరదా పుట్టిన రిటైర్డ్ ఉద్యోగి కోరికనూ అది తీర్చలేదు.

వందేళ్ల కిందటి దారి

ఇది మనకు కొత్త కాదు. రాజమహేంద్రవరం కుర్రాడు దామెర్ల రామారావు ప్రతిభను అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే గుర్తించి ప్రోత్సహించారు. రామారావు బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివి, సొంత ఊరికి తిరిగొచ్చి, తాను వేస్తూనే నలుగురికి నేర్పే బడి పెట్టారు. 1925లో కన్నుమూసేనాటికి ఆయనకు 28 ఏళ్లు కూడా నిండలేదు. మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ పనిని కొనసాగించారు. ఆయన పేరిట ఉన్న ఆర్ట్ గ్యాలరీకి వెళ్తే ఆ చిత్రాలు ఇవాళా చూడొచ్చు.

చేతికి ఎంతొస్తుంది?

ఊహకు ఒక లెక్క వేద్దాం. శని, ఆదివారాల్లో పదేసి మందితో రెండు బ్యాచ్‌లు. ఫీజు నెలకు 1,200 రూపాయలు అనుకుంటే 24,000. గది అద్దెకు 6,000, కాగితం, రంగులు, కరెంటుకు 4,000 తీసేస్తే మిగిలేది 14,000. మీ ఊరి రేట్లు పెట్టి మీరే మార్చి వేసుకోండి. అయితే దాన్ని 12తో గుణించి సంబరపడొద్దు. పరీక్షలొస్తే పిల్లలు మానేస్తారు. తొమ్మిది, పది తరగతులకు రాగానే ట్యూషన్లు లాక్కుంటాయి. వేసవి సెలవుల్లో మాత్రం గది సరిపోదు. అందుకే ఏడాది మొత్తానికి లెక్క వెయ్యాలి. పరీక్షలతో పని లేని పెద్దవాళ్ల బ్యాచ్ ఒకటి తప్పకుండా పెట్టుకోవాలి.

స్కూల్లో డ్రాయింగ్ టీచర్ పోస్టు మీద కన్నుంటే దారి వేరు. ప్రభుత్వ పరీక్షల విభాగం నిర్వహించే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు, ఆ తర్వాత వేసవిలో 42 రోజుల టీటీసీ శిక్షణ ఉంటాయి. డిగ్రీ చదువుతూనే వీటికి ప్రయత్నించొచ్చు. పూర్తిస్థాయిలో చదవాలనుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లకు ఇంటర్ తర్వాత నాలుగేళ్ల బీఎఫ్‌ఏ ఉంది. హైదరాబాద్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూ, విశాఖలోని ఆంధ్రా యూనివర్సిటీల్లో ఈ చదువు దొరుకుతుంది.

బొమ్మ అమ్మేటప్పుడు చట్టం కూడా తెలియాలి. మీ అంతట మీరు వేసిన బొమ్మను అమ్మినా కాపీరైట్ మీ దగ్గరే ఉంటుంది. అదే ఎవరైనా డబ్బిచ్చి వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం మొదటి హక్కు వేయించుకున్నవాళ్లదే. ప్రింట్లు అమ్ముకునే హక్కు మీకు కావాలంటే పని మొదలుపెట్టకముందే కాగితం మీద రాయించుకోండి. ఇంకోటి, కొన్ని రంగులు ఎండ తగిలితే వెలిసిపోతాయి. ట్యూబు మీద లైట్‌ఫాస్ట్‌నెస్ గుర్తు చూడకుండా వేసిన బొమ్మను జనానికి అమ్మకండి.

అసలు ప్రమాదం

బ్యాచ్‌లు పెరిగేకొద్దీ మీ సొంత బొమ్మకు టైం ఉండదు. అప్పుడు పిల్లలకు వెళ్లే పాఠం ఏంటో మనందరికీ తెలుసు: రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద ఏరు, పక్కన గుడిసె, కొబ్బరి చెట్టు. ఊళ్లో కొండే లేని పిల్ల కూడా అదే వేస్తుంది. మాస్టారు బయటికెళ్లి చెరువుగట్టునో, బస్టాండునో చూసి వేసి ఎన్నాళ్లయిందో ఆ కాగితం చెప్పేస్తుంది.

కాబట్టి వారంలో రెండు ఉదయాలు మీవి. ఆ టైంలో ఏ బ్యాచ్ అడిగినా ఇవ్వొద్దు. పెద్ద షీటు ఖరీదనిపిస్తే 22×30 అంగుళాల 300 జీఎస్‌ఎం కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి ఒక్కో ఉదయం ఒక్కోటి వాడండి.

ఉద్యోగ ప్రయత్నాలు ఆపమని నేను చెప్పను. అప్లికేషన్లు పెడుతూనే, ఆదివారం ఒక బ్యాచ్‌తో ఆరు నెలలు నడిపి చూడండి. రెండు పుస్తకాలు పెట్టుకోండి. ఒకదాన్లో వచ్చిన ఫీజు, అయిన ఖర్చు రాయండి. రెండోదాన్లో మీరు సొంతంగా వేసిన బొమ్మల తేదీలు రాయండి. మొదటి పుస్తకం బాగుండి రెండోది ఖాళీగా ఉంటే బ్యాచ్ ఒకటి తగ్గించండి. రెండూ నిండుతున్నాయా? ‘కూడు పెడతాయా’ అని అడిగినవాళ్ల ముందు ఆ పుస్తకాలే తెరిచి పెట్టండి.