సత్తు బేరంలో తూకం ఒక్కటే చాలదు

(మా వాణిజ్య విలేఖరి)

వేదాద్రి: లండన్ మెటల్ ఎక్స్ఛేంజీలో అల్యూమినియం ధర పెరిగినా తగ్గినా ఆ కబురు చీకటి పడేలోగా జగ్గయ్యపేట, నందిగామ బజార్లకు చేరుతున్నది. మరునాడు సెక్షన్లు, రేకులు, గిన్నెలు, తుక్కు అన్నింటి ధారణలూ దాని వెంట కదులుతున్నాయి. అయితే ఆ ధర ఏ సరుకు ధర? లండన్‌లో అల్యూమినియం బేరాలు 1978లో మొదలయ్యాయి. నేటి కాంట్రాక్టు ప్రకారం అప్పగించవలసినది కనీసం 99.7 శాతం శుద్ధి గల దిమ్మలు. లాటు 25 టన్నులు. మన దుకాణాలలో చేతులు మారే సరుకు ఆ దిమ్మ కాదు. అది మెగ్నీషియం, సిలికాన్, రాగి వంటివి కలిపి, కాచి, వత్తి, సాగగొట్టి, లేదా పోతపోసి తయారు చేసిన మిశ్రమలోహం. దిమ్మ ధర మీద కిలోకి ఇంత అని వేసి అమ్ముతున్నాం గాని, ఆ నడుమ జరిగిన పనిలో లోహం గుణమే మారిపోయిందన్న సంగతి మన బిల్లులలో ఎక్కడా కనిపించడం లేదు.

ఈ మెట్ట ప్రాంతపు వర్తకులు సరుకు గుణం ఎరుగని వారు కారు. పత్తి బేరానికి కూర్చుంటే పింజ పొడుగు అడుగుతారు. మిర్చి టిక్కీలో చేయి పెట్టి తేమ చూస్తారు, తాలు ఏరి పక్కన పెడతారు. వడ్లు ఒకటే అయినా పచ్చి బియ్యానికి ఒక రేటు, ఉప్పుడు బియ్యానికి ఒక రేటు అని వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. అల్యూమినియం దగ్గరకు వచ్చేసరికి మాత్రం సత్తు అన్నా, సిల్వరు అన్నా అంతా ఒకే సరుకైపోతున్నది. కాటా మీదికి ఎక్కించడం, లెక్క కట్టడం, అంతటితో బేరం ముగుస్తున్నది.

దీనికి పాత అలవాటు కొంత కారణం. 1970 నాటి అల్యూమినియం కంట్రోలు ఉత్తర్వు కింద ఉత్పత్తిలో సగం విద్యుత్ తీగల రకానికే కేటాయించవలసి ఉండేది. ధర, పంపిణీ రెండూ ప్రభుత్వం చేతిలో ఉండేవి. దొరికిందే చాలునని వర్తకుడు తెచ్చుకునే రోజులవి. 1989 మార్చి 1న కంట్రోలు ఎత్తివేశారు. సరుకుకు కరువు తీరి మూడున్నర దశాబ్దాలు దాటినా గ్రేడు అడిగే అలవాటు మాత్రం మనకు రాలేదు.

ఒకే లోహం, అయిదు రెట్ల తేడా

6061 అనే మిశ్రమలోహాన్ని తీసుకుందాం. ఇందులో సుమారు ఒక శాతం మెగ్నీషియం, అర శాతానికి కాస్త పైన సిలికాన్ ఉంటాయి. దీన్ని కాచి నెమ్మదిగా చల్లార్చితే వచ్చే మెత్తని సరుకుకు ఓ టెంపరు అని పేరు. అది చదరపు మిల్లీమీటరుకు 6 కిలోల లోపు లాగుడుకే శాశ్వతంగా సాగిపోతుంది. అదే సరుకును సుమారు 530 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కాచి, వెంటనే నీళ్లలో ముంచి, తరువాత 175 డిగ్రీల ఓవెనులో ఓ 8 గంటలు ఉంచితే టి6 టెంపరు వస్తుంది. అప్పుడు 28 కిలోల వరకు తట్టుకుంటుంది. కలిపిన దినుసులు అవే, రంగు అదే, తూకం అదే. బలంలో తేడా అయిదు రెట్లు.

కిటుకు లోహం లోపలి అమరికలో ఉన్నది. బాగా కాచినప్పుడు మెగ్నీషియం, సిలికాన్ అల్యూమినియంలో పూర్తిగా కరిగిపోతాయి. గభాలున చల్లార్చితే బయటికి రావడానికి వాటికి వ్యవధి ఉండదు. తరువాత ఓవెను వేడిలో అతి సూక్ష్మమైన కణికలుగా లోహమంతటా విడివడతాయి. లోహం వంగడమంటే లోపల పొరలు ఒకదాని మీద ఒకటి జారడమే. ఈ కణికలు ఆ జారుడుకు అడ్డుపడతాయి. గంటలు తగ్గిస్తే కణికలు చాలవు. ఎక్కువైతే అవి లావెక్కి, సంఖ్య తగ్గి, బలం మళ్లీ పడిపోతుంది. నీళ్లలో ముంచడం ఆలస్యమైతే అవి కావలసిన చోట కాక రేణువుల అంచులలో పేరుకుంటాయి. కొత్త బియ్యం నిలవ ఉంటేనే అన్నం పలుకు తేలినట్లు ఈ లోహానికీ నిలవ కాలం ఉన్నది. దాన్నే ఏజింగు అంటున్నారు.

దీన్ని మొదట గమనించినది జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ విల్మ్. 1906లో రాగి, మెగ్నీషియం కలిపిన అల్యూమినియంను కాచి చల్లార్చగా, అది కొద్ది రోజులకు దానంతటదే గట్టిపడినట్లు ఆయనకు కనిపించింది. ఎందువల్లనో ఆయనకు అంతుపట్టలేదు. 1938లో ఫ్రాన్సులో గినియే, బ్రిటన్‌లో ప్రెస్టన్ ఎవరికి వారుగా ఎక్స్‌రేల సాయంతో ఆ కణికల జాడ పట్టారు. విమానాల తయారీ ఈ గుణం మీదనే ఆధారపడి పెరిగింది. మన కిటికీ చట్రం కూడా ఇదే సూత్రం మీద నిలబడుతున్నది.

సెక్షన్లు, లారీ బాడీలు

తలుపులకు, కిటికీలకు వాడే సెక్షన్లు ఎక్కువగా 6063 రకం. కాచిన దిమ్మను జంతికల గొట్టంలో పిండిలా అచ్చులోంచి వత్తుతారు. బయటికి వస్తూండగానే ఫ్యాన్లతోనో, నీళ్లతోనో చల్లబరచాలి. తరువాత ఏజింగు ఓవెనులో పెట్టాలి. టి5 టెంపరు సెక్షనుకు సుమారు 15 కిలోలు, టి6కు 22 కిలోలు బలం ఉంటే, అసలు ఓవెను ముఖం చూడనిది టి5లో సగానికి అటూ ఇటూగా ఆగిపోతుంది. కరెంటు ఖర్చు మిగుల్చుకోవడానికి ఓవెను గంటలు కుదించిన సరుకు కిలోకి నాలుగు రూపాయలు తక్కువకు వచ్చిందంటే అది లాభం కాదు. గాలివానకు చట్రం వంగితే కొన్నవాడు వచ్చేది మన దుకాణానికే గాని మిల్లుకు కాదు.

జయంతిపురం, ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీల వల్లనూ, ఒకప్పుడు 9వ నెంబరు అనిపించుకుని ఇప్పుడు 65వదైన జాతీయ రహదారి వల్లనూ ఈ ప్రాంతంలో లారీలకు కొదవ లేదు. బాడీ పనికి విజయవాడ ఆటోనగరు ఉన్నది. అక్కడికి వెళ్లే సెక్షన్లు టి6వే కావచ్చు. కాని వెల్డింగు వేడి తగిలిన చోట ఆ టెంపరు నిలవదు. అతుకు చుట్టూ ఓ అంగుళం మేర బలం దాదాపు సగానికి దిగజారుతుంది. కాబట్టి బరువు పడే చోట బోల్టు బిగింపు మేలు, లేదా మందం పెంచాలి. ఈ మాట సెక్షను అమ్మేటప్పుడే చెప్పగల వర్తకుడి దగ్గరకు మేస్త్రీ మళ్లీ వస్తాడు.

గిన్నెలు, రేకులు

వేదాద్రి నరసింహస్వామి సన్నిధిలో పెళ్లిళ్ల ముహూర్తాలంటే వంటవాళ్లకు పెద్ద గిన్నెలు, గంగాళాలు కావాలి. వీటిలో లెక్క తిరగబడుతుంది. రేకును చల్లగా ఉండగా రోలర్ల మధ్య నలిపిన కొద్దీ గట్టిపడుతుంది, కాని సాగే గుణం పోతుంది. గట్టి రేకును గిన్నెగా తిప్పితే అంచు చీలుతుంది. అందువల్ల గిన్నెల చక్రాలకు కాచి మెత్తబరచిన ఓ టెంపరు రేకే కావాలి. ఆ కాచడం కూడా మితంగా ఉండాలి; అతిగా కాస్తే లోపలి రేణువులు పెరిగి, గిన్నె తిప్పినప్పుడు పైభాగం నారింజ తొక్కలా గరుకుదేలుతుంది. రాజమండ్రి గిన్నెల తయారీదారులకు ఇవన్నీ కరతలామలకమే. వారి దగ్గర కొనే చిల్లర వర్తకుడు కూడా తెలుసుకోవాలి. ఎందుకంటే స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియం పాత్రలకు ఐ.ఎస్.ఐ. గుర్తు ఉండాలంటూ 2024 మార్చి 14న కేంద్ర ఉత్తర్వు వెలువడింది. అల్యూమినియం పాత్రల ప్రమాణం ఐ.ఎస్. 1660. గుర్తు లేని సరుకు చవకగా వచ్చిందని గోదాములో నింపుకుంటే చిక్కు నింపుకున్నట్లే.

తుక్కులో పోతున్న సొమ్ము

మన బజారుకు అసలు నష్టం తుక్కు దగ్గర జరుగుతున్నది. ఖనిజం నుంచి అల్యూమినియం తీయడానికి పట్టే శక్తిలో సుమారు 5 శాతంతోనే తుక్కు కరిగిపోతుంది. అందుకే ఈ సరుకుకు ఇంత గిరాకీ. కాని పాత కిటికీలు, లారీ పిస్టన్లు, విద్యుత్ తీగలు, సొట్టపోయిన గిన్నెలు అన్నీ ఒకే కుప్పలో పోసి అమ్మితే వచ్చేది కుప్పలో అధమ సరుకు ధర.

లెక్క చూడండి. 6063లో సిలికాన్ 0.6 శాతం మించరాదు. పిస్టను లోహంలో అది సుమారు 12 శాతం ఉంటుంది. 0.4 శాతం సిలికాన్ ఉన్న 20 కిలోల సెక్షన్ తుక్కులో ఒక్క కిలో పిస్టను పడితే మొత్తం సిలికాన్ 0.95 శాతానికి చేరుతుంది. ఆ కరుగు మళ్లీ సెక్షన్ల అచ్చుకు పనికిరాదు. పోత పనికే పోవాలి. ఇనుము ఇంకా ప్రమాదం. అదే 20 కిలోలలో 100 గ్రాముల మరలు కరిగితే ఇనుము అర శాతం పెరుగుతుంది. 6063లో ఇనుముకు హద్దు 0.35 శాతమే. పోతలో అది సూదుల్లాంటి, పలకల్లాంటి స్ఫటికాలుగా ఏర్పడి లోహాన్ని పెళుసు చేస్తుంది. ఒకసారి కలిసిన ఇనుమును గిట్టుబాటుగా బయటికి తీసే దారి చిన్న కొలిమిలో లేదు. తడి తుక్కు వల్ల పోతలో బుడగలు వస్తాయి సరే, కరిగిన లోహంలో నీరు పడితే కొలిమే పేలిపోవచ్చు.

కృష్ణ ఒడ్డు మోటార్లకు కరెంటు తెచ్చే తీగల లోహం కనీసం 99.5 శాతం శుద్ధమైనది. తుక్కులో అదే మేలు రకం. దాన్ని విడిగా ఉంచితే ధర వేరే పలుకుతుంది. అయితే బిల్లు లేని తీగ కొనరాదు. 2003 విద్యుత్ చట్టం 136వ సెక్షను లైన్ల దొంగతనాన్ని, 137వ సెక్షను దొంగ సరుకు పుచ్చుకోవడాన్ని నేరంగా పరిగణిస్తున్నాయి.

ఏమి చేయాలి?

ఈ మాటలన్నీ పెద్ద ఫ్యాక్టరీలకే గాని చిల్లర దుకాణానికి ఎక్కడ కుదురుతాయని వర్తకులు అంటున్నారు. కొనేవాడు ధర తప్ప మరొకటి అడగడం లేదన్నది వారి వాదన. అందులో కొంత నిజం లేకపోలేదు. కాని మిర్చిలో తాలు ఏరడం కూడా కొనేవాడు అడిగాక మొదలైనది కాదు. ఏరిన వాడికి ధర రావడం చూసి మిగిలినవారు నేర్చుకున్నారు.

ఖర్చు లేని పనులు కొన్ని ఉన్నాయి. తుక్కును సెక్షన్లు, పోత సరుకు, తీగలు, గిన్నెలు అని నాలుగు కుప్పలు చేయవచ్చు. సెక్షన్లకున్న మరలు, కీళ్లు ఊడదీయవచ్చు. మిల్లు నుంచి కొత్త సరుకు వచ్చినప్పుడు లోహం నెంబరు, టెంపరు, లాటు నెంబరు రాసిన పరీక్షా పత్రం అడిగి, ఆ మూడింటినీ మన బిల్లులోకి ఎక్కించవచ్చు. సెక్షన్ గట్టిదనం చూడడానికి వెబ్‌స్టర్ అనే చేతి సాధనం ఉన్నది; నొక్కితే ముల్లు అంకె చూపుతుంది. ఒక్కొక్కరికి బరువనిపిస్తే జగ్గయ్యపేట, నందిగామ వర్తక సంఘాలు తలా ఒకటి కొని అందరికీ అందుబాటులో ఉంచవచ్చు.

పై స్థాయిలో కదలిక వచ్చింది. లండన్ ఎక్స్ఛేంజీ 1992లోనే మిశ్రమలోహానికి వేరే కాంట్రాక్టు పెట్టింది. మన రాష్ట్రంలో నెల్లూరు జిల్లాలో మేలురకం మిశ్రమలోహాల కర్మాగారం కోసం నాల్కో, మిధాని 2019లో ఉమ్మడి సంస్థను ఏర్పాటు చేశాయి. దిమ్మ వేరు, దాన్ని తీర్చిన సరుకు వేరు అని వారు గుర్తించారు. ఆ తేడాకు వచ్చే సొమ్ము మన కాటా దగ్గర జారిపోకుండా చూసుకోవడం మన వర్తకుల చేతిలో ఉన్నది. సంఘాలు ఈ విషయం వచ్చే సమావేశంలోనే చర్చకు పెట్టడం అవసరం.